వరుస మధ్యలో మొదలయ్యే చూపు

దిగిన 37వ రోజు

పైన ఎండ యాభై ఒక్క డిగ్రీలు. ఇక్కడ కింద, గనిలో ఇరవై తొమ్మిది. గాలి బాగుంది.

ఉదయం ఐదింటికి ఊరి కబుర్ల పేజీ వేశాను. నీళ్ల వంతులు పైన, గని లిఫ్టయిన కేజ్ ఎక్కే దిగే వేళలు వాటి కింద, మేకల దొడ్డి కబుర్లు చివర. ఆరున్నరకల్లా ఊళ్లో తెర పలక ఉన్న ప్రతి ఇల్లూ పేజీ తెరిచింది. ఏడు వందల పన్నెండు చూపు జాడలు వచ్చాయి; చదివేవాళ్ల కళ్లు పేజీ మీద ఎటు కదిలాయో పలక గీసి పంపే గీతలవి.

నిన్న నాలుగో సొరంగంవాళ్ల నీళ్ల వంతు మార్చాం. ఆ మాటను మూడో వరుస చివర పెట్టాను. అరవై మంది చూడనే లేదు, బిందెలతో వచ్చి నన్ను తిట్టిపోశారు. తప్పు నాదే. జనం పై వరుసను చివరిదాకా చదువుతారు, రెండోదాన్ని సగం చదువుతారు, ఆ తర్వాత ఎడమ అంచు పట్టుకుని కిందికి జారిపోతారు. కుడి పక్క అడుగున ఏం పెట్టినా అక్కడికి ఎవరూ రారు. ఊరంతా ఎండకు దిగి తలదాచుకునే ఈ పాత బొగ్గు గనిలో ఆరేళ్లుగా వేసవి నాలుగు నెలలూ పేజీ వేస్తున్నదాన్ని, ఇంకా ఇలాంటి పొరపాట్లు చేస్తున్నాను. ఈ రోజు నాలుగో సొరంగం పేరుతోనే వరుస మొదలుపెట్టాను. అందరూ చూశారు.

ఒక జాడ మాత్రం వింతగా ఉంది. ప్రతి వరుసనూ రెండో మాట నుంచి చదివింది. మొదటి మాట మీద చూపు వాలనే లేదు. ఎవరిదో పలక పగిలి ఉంటుంది.

39వ రోజు

ఆ జాడ మళ్లీ వచ్చింది. జాడలకు మేం ఇచ్చే అంకెలు రోజూ మారిపోతాయి కాబట్టి నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకరిదేనని రుజువు లేదు. కానీ ఏడు వందల పైచిలుకు జాడల్లో ఇలా ఉన్నది రోజూ ఒక్కటే.

'పలక సరిగా లేనివాళ్లు తెచ్చి ఇవ్వండి' అని పేజీలో వేశాను. పద్నాలుగు వచ్చాయి. ఒకదానిలో చీమలు గూడు పెట్టాయి. అన్నీ బాగుచేసి పంపాను.

42వ రోజు

పలక కాదు. ఇప్పుడా జాడ మూడో మాట నుంచి మొదలవుతోంది.

జాడల పటాలు ఏడు రోజుల తర్వాత చెరిపేయాలి. అందుకని నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసి పెట్టుకుంటున్నాను. ఇది కూడా నియమానికి విరుద్ధమేమో తెలియదు. ఆరు రోజుల గీతలు పక్కపక్కన పెట్టి చూశాను. పలక చెడితే చూపు మొత్తం ఒక పక్కకు జరిగినట్టు కనిపించాలి, కుడి అంచు కూడా దాటిపోవాలి. ఈ జాడ కుడి అంచు దగ్గర సరిగ్గా ఆగుతోంది. ఎడమ వైపు మాత్రం రోజుకు కొంచెం కొంచెంగా తరిగిపోతోంది.

మధ్యాహ్నం నోటుపుస్తకం పట్టుకుని దవాఖానకు వెళ్లాను. నఫీసా డాక్టరమ్మ అప్పుడే చేతులు కడుక్కుంటోంది. గీతలు చూపించాను. తుడుచుకోవడం మర్చిపోయి తడి చేతులతోనే పుస్తకం పట్టుకుంది.

"ఎవరిది ఇది?"

"తెల్వదు డాక్టరమ్మా."

"తెలుసుకో."

"తెలుసుకోరాదు కద."

ఆమె కుర్చీలో కూర్చుంది. "చూడు స్వరూపా. కన్ను చెడిపోయినోడు తల తిప్పి వెతుక్కుంటడు. కనవడని దిక్కు ఏమున్నదని చూస్తడు. ఈ మనిషి వెతుకుతలేడు. అటు పక్క ఒకటున్నదనే సంగతే మర్చిపోయిండు. ఇది కంటి జబ్బు కాదు. ఎడమ దిక్కును కనిపెట్టేది తలకాయల కుడి పక్క. ఆడ ఏదో పెరుగుతున్నది."

"ఎన్ని రోజులు టైమున్నది?"

"నీ గీతలు చూస్తే ఎక్కువ లేదనిపిస్తుంది. వారమో, పది రోజులో."

తిరిగి వస్తుంటే సొరంగంలో ఎదురైన ప్రతి మనిషి ముఖంలోకీ చూశాను. ఎవరూ జబ్బుమనిషిలా లేరు.

43వ రోజు

ఈ ఏడాది కమిటీ అధ్యక్షురాలు చంద్రకళక్క. ఐదుగురు సభ్యులనూ పిలిపించింది. డాక్టరమ్మ విషయం చెప్పింది.

జాడ ఏ పలక నుంచి వచ్చిందో పట్టుకోవడం కష్టమేమీ కాదు. వైర్ల వెంట పోతే గంట పని. అలా చేయకూడదని మొదటిసారి గనిలోకి దిగిన ఏడాదే ఊరంతా చేతులెత్తి తీర్మానం చేసింది. 'చూపుకు పేరు ఉండకూడదు.' పేజీ సరిగా వేయడానికి జాడలు చూడొచ్చు, అవి ఎవరివని అడగకూడదు.

ఆ తీర్మానానికి మొదట చెయ్యెత్తినవాళ్లలో మా బాపు ఒకడు. ఆయన పాతికేళ్ల కింద పైన ఒక పార్సిళ్ల గోదాములో పని చేశాడు. అక్కడ కూలీలు చూసే ప్రతి తెరా వాళ్లను కూడా చూసేది. సంఘం మీటింగు చీటీ మీద బాపు చూపు మూడు రోజులు వరుసగా, తొమ్మిదేసి సెకన్లు ఆగిందట. నెల తిరక్కుండా పనిలోంచి తీసేశారు. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క సంతకం పెట్టలేదు, చూశాడు అంతే. ఆ తర్వాత బతికినన్నాళ్లూ పేపరు చదివేటప్పుడు నుదుటి మీద అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. ఎండ లేని చోట కూడా.

ఒక సభ్యుడు అన్నాడు: "మనిషి పానం మీదికొచ్చినంక నియమమేంది? పట్టుకుందాం."

చంద్రకళక్క తల అడ్డంగా ఊపింది. "ఇయ్యాల పానం కోసం పట్టుకుంటం. రేపు నీళ్లు దొంగిలించినోని కోసం పట్టుకుంటం. ఎల్లుండి నన్ను తిట్టుకుంట చదివినోని కోసం నేనే పట్టుకుంట. తీర్మానం మార్చాల్నంటే ఊరంత కూసోవాలె, దానికి వారం ముందు చాటింపు వెయ్యాలె."

"వారం ఆగలేం," అంది డాక్టరమ్మ.

"ఆగుమంటలేను. పేరు పట్టకుండ మనిషిని పిలిచే తొవ్వ చూడుండ్రి." అక్క నావైపు తిరిగింది. "పేజీ నీ చేతుల్నే ఉన్నది కద స్వరూపా."

44వ రోజు

పేజీ పైన, పెద్ద అక్షరాలతో: 'చదివేటప్పుడు వరుసలు తెగినట్టు కనిపించేవాళ్లు వెంటనే దవాఖానకు రండి.'

ఇరవై ముగ్గురు వచ్చారు. శుక్లాలు ఏడుగురికి. అద్దాలు మార్చాల్సినవాళ్లు పదకొండు మంది. ముగ్గురికి ఏమీ లేదు, రద్దీ ఎందుకో చూద్దామని వచ్చారు. మిగతా ఇద్దరికీ తలనొప్పి. మేం వెతికే మనిషి లేడు.

సాయంత్రం పటం చూశాను. ఆ జాడ పెద్ద అక్షరాల మీదుగా కూడా వెళ్లింది. 'కనిపించేవాళ్లు వెంటనే దవాఖానకు రండి' అని మాత్రమే చదివి, నింపాదిగా కిందికి దిగిపోయింది. ఆ మనిషికి ఏ వరుసా తెగినట్టు లేదు. ఇంకెందుకు వస్తాడు?

అన్నం సయించలేదు.

45వ రోజు

ఉదయం స్టోరుకు పోదామని కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు కేజ్ ఎక్కాను. పైకి చేరగానే కేజ్ ఆగాల్సిన చోట ఆగక పై దూలానికి ధడేలుమని తాకింది. ఆరేళ్లలో ఎప్పుడూ అలా జరగలేదు. పన్నెండు మందిమి ఒకరి మీద ఒకరం పడ్డాం. ఇద్దరు ఆడవాళ్లకు చీలమండలు బెణికాయి. తాడు పాతబడిందన్నారు. పేజీలో 'కేజ్ ఎక్కేవాళ్లు కమ్మీ పట్టుకుని నిలబడండి' అని కలిపాను.

తిరిగొచ్చి బల్ల దగ్గర కూర్చుని, ఆ మనిషికి పేజీ ఎలా కనిపిస్తుందో చూద్దామని ఎడమ సగం మీద ఒక అట్ట పెట్టాను. కుడి సగం మాత్రమే చదివాను. 'వంతు మారింది.' 'గంటలకు బయలుదేరుతుంది.' 'లేదు.' నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఈ మనిషి ఇన్ని రోజులుగా ఇదే ఊరి కబుర్లనుకుని చదువుకుంటున్నాడు.

అట్ట తీయకుండా చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను ఇన్నాళ్లూ అందరికీ రాస్తున్నాను. ఈ ఒక్క మనిషికి రాయాలంటే అట్ట పక్కన మిగిలిన ఈ జాగాలో రాయాలి.

చంద్రకళక్క దగ్గరికి పరుగెత్తాను. మేకల టీకాల ప్రకటనను, కుడి సగం విడిగా చదివితే ఆ మనిషికి పిలుపయ్యేలా రాస్తానన్నాను. మొత్తం విని, అనుమానంగా చూసింది.

"మోసం కాదా ఇది?"

"మేకలకు టీకాలు వెయ్యాల్సిందే కద అక్కా. ఎల్లుండి ఎట్లాగూ వేస్తున్నరు. అందులో అబద్ధం ఏమీ లేదు."

"బెల్లం?"

"టీకా వేయించినోళ్లకు బెల్లం నిజంగనే ఇద్దాం. మన దవాఖానల గూడ ఒక కిలో పెడదాం. వచ్చినోళ్లకు ఇద్దాం."

అక్క లెక్క చూసుకుంది. "పేరు మనం అడుగుతలేం. తానే నడిసొచ్చి చెప్తడు. గంతే కదా?"

"గంతే."

"అయితే వెయ్యి. ఆ బెల్లం నా పేరు మీద రాసుకొమ్మను."

46వ రోజు

రోజంతా మూడు వరుసల కోసం పోయింది. ఒక మాట పొడవైతే వరుస జరిగిపోతుంది, పొట్టిదైతే అర్థం చెడుతుంది. ఇవాళ్టి జాడ వరుసలో సరిగ్గా సగం దాటాక మొదలవుతోంది. రేపటికి ఇంకో మాట తరిగితే 'ఈ రోజు' అన్నది కూడా పోతుంది. అది పోయినా నష్టం లేకుండా చూసుకున్నాను. చివరికి ఇలా కుదిరింది:

మేకలు, గొర్లు పెంచుకునేవాళ్లంతా ఈ రోజు పది గంటలకు
వాటిని తోలుకుని పై అంతస్తులోని పశువుల దవాఖాన దగ్గరకు రావాలి.
మందలో అన్నిటికీ టీకా వేయించిన ఇంటికి కిలో బెల్లం ఇస్తారు.

ఎడమ సగం మీద అట్ట పెడితే ఇంతే:

ఈ రోజు పది గంటలకు
దవాఖాన దగ్గరకు రావాలి.
కిలో బెల్లం ఇస్తారు.

డాక్టరమ్మకు చూపించాను. రెండుసార్లు అట్ట పెట్టి, తీసి చదివింది. "బెల్లం ఇష్టం లేని మనిషైతే?" అంది. అది నేను ఆలోచించలేదు.

47వ రోజు

పేజీ మామూలుగా ఐదింటికి వేశాను. తొమ్మిదిన్నరకే దవాఖానలో కూర్చున్నాను. బల్ల మీద పొట్లం కట్టిన బెల్లం.

పది దాటింది. ఒక ముసలాయన మేకను భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు.

"పశువుల దవాఖానకు తొవ్వ ఎటు బిడ్డా?"

పై అంతస్తు అని చెప్పి పంపాం. పదీ పది. పదీ ఇరవై. డాక్టరమ్మ గోళ్లు కొరుక్కుంటోంది.

పదీ ఇరవై ఐదుకు తలుపు చప్పుడైంది. లోపలికి వస్తూ ఎడమ భుజం ద్వారానికి కొట్టుకుని, అయినా పట్టించుకోకుండా వచ్చాడు మొండయ్య మామ. కేజ్ నడిపే మొండయ్య. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఊళ్లో ఆయన తెలియనివాళ్లు లేరు, కానీ ఆయన పనిచేసే గది మూల ఉంటుంది కాబట్టి ముఖం చూసేది తక్కువ. కుడి చెంప నున్నగా గీసి ఉంది. ఎడమ చెంప మీద రెండు వారాల గడ్డం.

"బెల్లం ఇస్తరట గద డాక్టరమ్మా. పదకొండుకు డూటీ ఉన్నది, జర జల్ది ఇయ్యి."

డాక్టరమ్మ లేచి నిలబడింది. "ఇస్తం కాక. కూసో. ఏమని వేసిన్రు పేజీల, ఒకసారి చదువు."

పలక అందించాను. మామ కూర్చుని, కళ్లు చికిలించకుండా, ఎక్కడా తడబడకుండా చదివాడు. "ఈ రోజు పది గంటలకు. దవాఖాన దగ్గరకు రావాలి. కిలో బెల్లం ఇస్తారు."

"ఇంకేం లేదా?"

"గింతే ఉన్నది. ఏం, ఇయ్యరా?"

పొట్లం ఆయన చేతిలో పెట్టాను.

పరీక్ష చేయాలంటే ఒప్పుకోలేదు. "నాకేం రోగం? ఆకలైతున్నది, నిద్ర వడ్తున్నది. మీకు పనిలేకుంటె నాకు లేదా?" అని లేచాడు. డాక్టరమ్మ తలుపుకు అడ్డం నిలబడి నన్ను కనుసైగ చేసింది. పక్క సొరంగంలోనే ఇల్లు. వెళ్లి ఆయన భార్య లస్మవ్వను తీసుకొచ్చాను. ఆమె కొంగు దోపుకుని కోపంగా వచ్చింది. ఆ కోపం మామ మీద.

"ఏం జేసిండు? ఇంట్ల సాలదని ఈడ గూడ మొదలువెట్టిండా?"

"ఇంట్ల ఏం చేస్తున్నడు అత్తమ్మా?" అని అడిగాను.

"ఏం జేస్తడు? రెండు వారాలసంది నా కూర ముడ్తలేడు. పల్లెంల అన్నం తింటడు, కూర అట్లనే ఇడిసిపెడ్తడు. ఎందుకు అలిగిండో చెప్పడు. నేను గూడ మూడు దినాలసంది మాట్లాడ్తలేను."

మొండయ్య మామ నోరు తెరిచాడు. "కూరేడ వెట్టినవే? ఉత్త అన్నం పెడ్తున్నవ్. నువ్వే నా మీద అలిగినవనుకుంటి. పోనీలే, ఎందుకు అడుగుడని ఊకున్న."

లస్మవ్వ ఆయన ముఖంలోకి చూసింది. ఎడమ చెంప మీద గడ్డం అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. రెండు వారాలుగా మాటలు తగ్గిన ఇంట్లో ఒకరినొకరు ఎంత చూసుకుని ఉంటారు?

"కూర ఏ దిక్కు పెడ్తవ్ అత్తమ్మా?"

"ఎడమ దిక్కు." అప్పటికి ఆమె గొంతులో కోపం లేదు.

ఈ మధ్య తలకు దెబ్బ తగిలిందా అని డాక్టరమ్మ అడిగితే మామకు గుర్తు లేదు. లస్మవ్వకు గుర్తుంది. గనిలోకి దిగిన వారానికి, రెండో సొరంగం మలుపులో వంగిన దూలానికి తల కొట్టుకున్నాడట. బొప్పి కట్టింది, రక్తం రాలేదు, వెన్న రాసిందట. మర్నాటికి మర్చిపోయారు.

మామ ఇంకా వాదించబోయాడు. డాక్టరమ్మ ఒక కాగితం మీద గడియారం బొమ్మ గీసి అంకెలు వేయమంది. ఆయన పన్నెండు అంకెలనూ కుడి సగంలోనే ఇరికించాడు. "మంచిగున్నదా?" అన్నాడు. ఆమె ఆయన తలను రెండు చేతులతో పట్టుకుని మెల్లగా ఎడమకు తిప్పింది. ఖాళీగా ఉన్న సగం కుడి వైపుకు వచ్చింది.

మామ ఆ ఖాళీ మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత అన్నాడు: "కేజ్ ఎంత లోతుల ఉన్నదో చూపెట్టే ముల్లు నా ఎడమ దిక్కే ఉంటది. మొన్న కేజ్ తాకింది... తాడు గాదు. నేనే." బెల్లం పొట్లం ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. "పన్నెండు మందుండిరి అందుల."

అందులో నేనూ ఉన్నానని చెప్పలేదు.

స్కాను తీశారు. పుర్రెకూ మెదడుకూ మధ్య కుడి పక్కన రక్తం పేరుకుని ఉంది. దెబ్బ తగిలిన రోజు నుంచి కొద్దికొద్దిగా ఊరుతూ మెదడును నొక్కుతోంది. రేపు ఉదయం పుర్రెకు చిన్న రంధ్రం వేసి తీసేస్తారు. పైన పట్నంలో ఉన్న సర్జను తెర మీద నుంచి దారి చెబుతాడు. డాక్టరమ్మ ఇది ఇంతకు ముందు రెండుసార్లు చేసింది. ఆ సంగతి లస్మవ్వకు నాలుగుసార్లు చెప్పింది.

48వ రోజు

ఆరింటికి లోపలికి తీసుకెళ్లారు. పేజీ తొందరగా వేసి నేనూ వెళ్లి బయట బల్ల మీద లస్మవ్వ పక్కన కూర్చున్నాను.

"బతికి బయటికి రానీ," అంది ఆమె. "కూరంత కుడి దిక్కే పెడ్త. బతికినన్ని దినాలు కుడి దిక్కే పెడ్త." కాసేపయ్యాక, "మీకెట్ల తెల్సింది బిడ్డా?" అని అడిగింది.

చెప్పాను. జాడల గురించి, మూడు వరుసల గురించి, అట్ట గురించి. అర్థమైందో లేదో తెలియదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. గంటా పది నిమిషాలు ఆ చెయ్యి వదల్లేదు.

డాక్టరమ్మ బయటికి వచ్చి ముఖానికి కట్టుకున్న గుడ్డ తీసింది. "ఇంజన్ ఆయిల్ లెక్క నల్లటి రక్తం వచ్చింది. అంతా తీసేసిన. మాట్లాడుతున్నడు. నన్నే అడిగిండు, నా బెల్లం ఎవరన్న ఎత్కపోయిన్రా అని."

లస్మవ్వ నేల మీద కూలబడి ఏడ్చింది. డాక్టరమ్మ కూడా పక్కనే కూర్చుంది. నేను పేజీ గదికి వచ్చి, తలుపేసుకుని, బల్ల మీద తల పెట్టుకున్నాను. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. లేచేసరికి మధ్యాహ్నం మూడు.

49వ రోజు

పైన యాభై రెండు. గాలి బాగుంది. రాయడానికి వేరే ఏమీ లేదు, అది చాలు.

51వ రోజు

మామను చూడటానికి వెళ్లాను. తలకు కట్టు, రెండు చెంపలూ నున్నగా ఉన్నాయి. ఆ రోజు పేజీ మళ్లీ చూపించమన్నాడు. వేలు పెట్టుకుని మొదటి నుంచి చదివాడు. 'పశువుల దవాఖాన' దగ్గర వేలు ఆగింది.

"పశువులదా!"

"అవును మామా."

"అంటె నన్ను మేకల లెక్కల కలిపినవా బిడ్డా?" కట్టు పట్టుకుని మరీ నవ్వాడు. నొప్పి పుట్టి ఆపి, మళ్లీ నవ్వాడు.

నవ్వు అయ్యాక పలక ఒళ్లో పెట్టుకున్నాడు. "ఒక మాట అడుగుత. నా కండ్లు యేడికి వోతున్నయో నువ్వు చూస్తున్నవన్నట్టు."

"అందరివీ మామా. ఎవరివో తెల్వకుండ."

"ఇన్ని దినాలు నాదొక్కటే తెలుస్తుండెనా?"

"నీదని తెల్వదు. వేరుగున్నదని తెల్సు."

మామ తలూపాడు.

56వ రోజు

చాటింపు వేసిన వారానికి ఊరు కూర్చుంది. చూపులకు పేర్లు కలపాలా వద్దా అని.

లస్మవ్వ మొదట లేచింది. "పేరుంటే మొదటి దినమే దొరుకుతుండె. పది దినాలు మా ఆయన అట్లనే కేజ్ నడిపిండు. మీ పిల్లలు గూడ ఎక్కిన్రు అందుల. పేరు వెడ్తే ఏం పోతది?"

ఆమె చెప్పినదాంట్లో తప్పు వెతకలేకపోయాను. చాలామంది తలలూపారు. బాపు సంగతి చెబుదామని లేచి, మళ్లీ కూర్చుండిపోయాను. పది రోజులు ఆలస్యం కావడానికి నేనూ ఒక కారణం. మొదటి రోజే పలక పగిలిందనుకుని వదిలేసింది నేనే.

అప్పుడు మొండయ్య మామ చేతికర్ర ఆన్చి లేచాడు.

"నేను బతికిన. సంతోషమే. నన్ను బతికించినోళ్లకు దండం." నఫీసా డాక్టరమ్మ వైపు, నా వైపు చేతులెత్తాడు. "కని ఒకటి. దినాం పొద్దుగాల పేజీ తెరిస్తె నేను ముందుగాల చూసేది నీళ్ల వంతు గాదు, కేజ్ వేళలు గాదు. వేరే ఒకటి చూస్త. అదేందో నా పెండ్లానికి గూడ చెప్పలె. అది నాది. పేరు వెట్టిన్రనుకో, రేపటిసంది దాని దిక్కు చూడ."

"ఏం చూస్తవ్? చెప్పు!" అని లస్మవ్వ అరిచింది. ఊరంతా గొల్లుమని నవ్వింది. మామ చెప్పలేదు. ముసిముసిగా నవ్వుతూ కూర్చున్నాడు.

నాకు తెలుసు. ఆ కొద్ది రోజులు ఆయన జాడ ఒక్కటే విడిగా కనిపించేది కదా. పొద్దున్నే అది మొదట ఎక్కడ వాలేదో రోజూ చూశాను. ఈ చిట్టాలో కూడా రాయను.

డాక్టరమ్మ మరో మాట ప్రతిపాదించింది. నెలకొకసారి ఎవరికి ఇష్టమైతే వాళ్లు దవాఖానకు వచ్చి తన ఎదుట ఒక పేజీ చదవాలి. తాను చూస్తుంది, అక్కడికక్కడే చెరిపేస్తుంది. రానివాళ్లను ఎందుకు రాలేదని అడగదు.

పేర్లు కలపాలని రెండు వందల తొంభై ఒకటి, వద్దని నాలుగు వందల ముప్పై ఎనిమిది చేతులు లేచాయి. డాక్టరమ్మ మాటకు దాదాపు అందరూ చేతులెత్తారు. లస్మవ్వ కూడా. ఎత్తేటప్పుడు భర్తను మోచేత్తో పొడిచింది.

ఇంటికొచ్చి నోటుపుస్తకంలోని పెన్సిలు గీతలున్న పేజీలు చింపి పొయ్యిలో వేశాను.

58వ రోజు

దవాఖానలో మొదటి చదువుడు. తొంభై నాలుగు మంది వచ్చారు. నేనూ వరుసలో నిలబడ్డాను. ఆరేళ్లుగా ఊరందరి చూపులూ చూశాను గానీ నాది ఎన్నడూ చూసుకోలేదు. కుర్చీలో కూర్చున్నాక చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. డాక్టరమ్మ ఆగింది. చెయ్యి దించి చదివాను.

"మంచిగున్నయ్. పో," అంది. చెరిపేసి, "నెక్స్టు" అని పిలిచింది.

63వ రోజు

పైన నలభై తొమ్మిది. యాభై కంటే తగ్గడం దిగిన తర్వాత ఇదే మొదలు. గాలి బాగుంది.

పేజీ వేశాను. ఆరు వందల తొంభై ఎనిమిది జాడలు. ఒక్కొక్కటీ చూశాను. అన్నీ వరుస మొదటి నుంచే మొదలయ్యాయి. ఎడమ అంచు పొడవునా చూపులు కిక్కిరిసి ఉన్నాయి.

మొండయ్య మామ మొదట చూసే ఆ చోటికి ముందుగా వెళ్లినవి ఏమైనా ఉన్నాయా అని వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. పదిహేడు ఉన్నాయి. అందులో మామది ఏదో ఎంత చూసినా తెలియలేదు.

నీళ్ల దగ్గర ఆయనే ఎదురయ్యాడు. డాక్టరమ్మ ఇంకో రెండు నెలలు కేజ్ ముట్టుకోవద్దంది కాబట్టి బిందెలు మోస్తున్నాడు.

"ఇయ్యాల నా చూపు కనవడ్డదా బిడ్డా?"

"లేదు మామా. అన్నిట్ల కలిసిపోయింది."

"మంచిగైంది," అని బిందె ఎడమ భుజానికి మార్చుకుని, లస్మవ్వ పిలుస్తుంటే వెళ్లిపోయాడు.